ఇంటిలెక్క – బడిలెక్క

బిడ్డకు లెక్కలు రావని చింతించు తల్లులు మన యిండ్లలో పెక్కుమంది కలరు. నిన్నమొన్నటివరకు మేమును అట్టివారిలో ఒకరము. మేము ఉపాధ్యాయ వృత్తి యెరిగినవారము కాము. లాలాగూడలో ఒక రైల్వే కుటుంబమునకు కోడలుగా వచ్చి, ఇరువురు బిడ్డలను పెంచుకొనుచు, పాలలెక్క బియ్యపులెక్క చూచుకొనుచున్నవారము మాత్రమే. అయినను గడచిన సంవత్సరమున మా యింట జరిగిన ఒక సంగతి మాకు కనువిప్పు కలిగించినది. సాటి సోదరీమణులకు ఉపకరింపవచ్చునని దానిని ఇచట విన్నవించుచున్నాము.

లాలాగూడ యనిన వెంటనే సికింద్రాబాదువారికి రైలు పెట్టెల కార్ఖానా తలపునకు వచ్చును. నిజాము సంస్థానపు రైల్వేవారు 1893లో దీనిని స్థాపించిరి. నేడు ఇది దక్షిణమధ్య రైల్వే క్రింద నున్నది. దీని చుట్టును పుట్టిన పేటలలో తరతరములుగా ఫిట్టరులు, వడ్రంగులు, కమ్మరులు, రంగులు వేయువారు కాపురముండిరి. మా మామగారు ఇందులోనే వడ్రంగము చేసి విశ్రాంతి పొందిరి. కనుక మా యింట కొలబద్ద, చదరము, పెన్సిలు ముక్క ఎప్పుడును చేతికందునట్లే యుండును. అట్టి యింటిలో లెక్కలకు కరవు వచ్చునని మేము కలలోనైనను అనుకొనలేదు.

మా పెద్దవాడు ఏడవ తరగతి, చిన్నది మూడవ తరగతి. పోయిన యేడు బతుకమ్మ పండుగకు ముందు ఒకనాడు, బియ్యము తీయబోగా డబ్బా వెనుక నలిపి దాచిన కాగితమొకటి కనబడినది. విప్పి చూడగా అది మా చిన్నదాని లెక్కల పరీక్షాపత్రము. 25 మార్కులకు 7 వచ్చినవి. నూటిలోనుండి అరువదిమూడు తీసివేయుమన్న లెక్కకు ఆమె 163 అని వ్రాసినది. సున్నలోనుండి మూడు పోదు గనుక మూడులోనుండి సున్న తీసినది. అట్లే ఆరులోనుండి సున్న తీసినది. మిగిలిన ఒకటిని ముందుంచినది. నూరు రూపాయలలో ఖర్చుపెట్టగా నూట అరువదిమూడు మిగులునా యను సందేహము ఆమెకు కలుగలేదు.

మాకు వింత తోచిన దేమనగా, అంతకు రెండు దినముల ముందే ఆమెను వీధి చివరి దుకాణమునకు పెరుగు, కొత్తిమీర, అగ్గిపెట్టె కొరకు పంపితిమి. వెల 63 రూపాయలు అయినది. ఆమె నూరు రూపాయల నోటు ఇచ్చి, దుకాణదారు పొరపాటున 27 ఇయ్యగా, "ఇంక పది రావాలె" నని నిలువదీసి 37 తెచ్చినది. అంగడిలో కచ్చితముగా చేసిన లెక్కయే కాగితముమీద ఆమెకు రాలేదు!

కోపము పట్టలేక, "దీనిని ఎందుకు దాచినావు?" అని గద్దించితిమి. ఆమె తల వంచుకొని, "మనింట్ల ఆడోళ్ళకు లెక్కలు రావు గదమ్మా! నువ్వే అంటవు" అన్నది.

ఆ మాట మా గుండెలో ముల్లువలె నాటుకొన్నది. ఏలయన, అది ముమ్మాటికి మా మాటయే. గ్యాసు బిల్లు వచ్చినప్పుడు, చీటీల లెక్క చూడవలసినప్పుడు, పెద్దవాడు గణితపు పుస్తకము పట్టుకొని వచ్చినప్పుడు, "మాకు లెక్కలు రావు, మీ నాయన నడుగు" అని నవ్వుచు అనుచుంటిమి. అది వినయమని మేము తలచితిమి. కొడుకు విని మరచినాడు. కూతురు మాత్రము దానిని తనకు దక్కిన ఆస్తివలె దాచుకొన్నది.

పిమ్మట విచారింపగా తెలిసిన దేమనగా, ఈ పొరపాటు మా యొక్కరిదే కాదట. 2015లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన ప్రకారము, గణితమనిన భయపడు తలిదండ్రులు బిడ్డకు తరచుగా ఇంటిపని చేయించినచో, ఒకటి రెండు తరగతుల పిల్లలు ఆ యేడు ముగియునాటికి తక్కినవారికంటె తక్కువ నేర్చిరి. భయము మాత్రము ఎక్కువగా నేర్చిరి. అనగా జ్ఞానమేకాక జంకుకూడ చేతినుండి చేతికి పోవుచున్నది. తల్లి ముఖము చూచి బిడ్డ పామనిన భయపడుట నేర్చునట్లే, లెక్కయనినను భయపడుట నేర్చుచున్నది.

ఆ రాత్రి మా అత్తగారు ఈ సంగతి విని చిన్నదానిని ఒడిలోనికి తీసికొని ఇట్లు చెప్పిరి. ఆమె అమ్మమ్మ బడి గడప తొక్కలేదు. ఆ కాలమున ఇచట నిజాముగారి హాలీ రూపాయయు, బెజవాడ వైపు ఇంగ్లీషువారి రూపాయయు చెల్లుచుండెడివి. ఏడు హాలీ రూపాయలు ఇంచుమించు ఆరు కల్దారు రూపాయలకు సమానము. రూపాయకు పదునారు అణాలు, అణాకు పండ్రెండు పైసలు. రూపాయకు మొత్తము 192. ఆ ముసలమ్మ అక్కడి బంధువులకు డబ్బు పంపవలసివచ్చినపుడు, గోడకు చేరబడి కండ్లు మూసికొని, ఏడింటిని ఆరింటిగా మార్చి, అణాపైసలతో సహా చెప్పెడిదట. 1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయకు నూరు నయాపైసల పద్ధతి వచ్చినప్పుడు, "ఇంత తేలికైతే ఇంక బుర్ర దేనికి?" అని పరిహాసము చేసెడిదట. "మనింట్ల ఆడోళ్ళకు లెక్కలు రాకపోవుడేంది? మీ అమ్మకే తెల్వదు" అని మా అత్తగారు మమ్ములను ఒక చూపు చూచిరి. మేము మారు మాటాడలేదు.

అయితే అంగడిలో వచ్చిన లెక్క బడిలో ఏల రాలేదు? ఈ ప్రశ్నను లోకమున పెద్దలు చాలకాలమునుండి విచారించుచునే యున్నారు. బ్రెజిలు దేశమున రెసిఫె నగరపు వీధులలో సరకులమ్ము పిల్లలను పరీక్షించి కొందరు పండితులు 1985లో ఒక వ్యాసము ప్రకటించిరి. అందు పండ్రెండేండ్ల బాలకుని ముచ్చట కలదు. ముప్పదియైదు చొప్పున నాలుగు కొబ్బరికాయల వెల యెంతయని అంగడిలో అడుగగా, మూటికి నూట అయిదు, ఇంకొకటికి ముప్పదియైదు, వెరసి నూట నలుబది యని చెప్పినాడు. వానినే కాగితముమీద ముప్పదియైదును నాలుగుతో హెచ్చింపుమనగా, 200 అని వ్రాసినాడు. కాగితముమీద బడిలో చెప్పిన పద్ధతిని సగము జ్ఞాపకము పెట్టుకొని తడబడినాడే గాని, తనకు వచ్చిన లెక్కనే యిది యడుగుచున్నదని వానికి తట్టలేదు.

మన దేశమునను అంతే. నోబెలు బహుమానము పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో దంపతులును వారి సహచరులును కలకత్తా, ఢిల్లీ బజారులలో పనిచేయు పిల్లలను, బడిపిల్లలను పరీక్షించి 2025లో ఫలితములను ప్రకటించిరి. బజారు పిల్లలు చిక్కైన బేరపు లెక్కలు నోటితోనే చేసిరి. పుస్తకములోని సులువైన లెక్కలకు తెల్లముఖము వేసిరి. బడిపిల్లలు పుస్తకపు లెక్కలు మెరుగుగా చేసిరి. బజారు లెక్కవద్ద చాలమంది చతికిలబడిరి. రెండు గదులకు నడుమ ద్వారము లేని యిల్లు ఎట్టిదో పిల్లల బుద్ధియు అట్లున్నదన్నమాట. ఆ ద్వారము తెరచుటకు ఇల్లాలికంటె తగినవా రెవరు? ఇంటిలెక్కలు మన చేతిలోనివి. బడిపుస్తకము మన బల్లమీదిది. రెండును ఒకచోట కూడునది మన వంటయింటిలోనే కదా!

ఈ తలపుతో మేము ఒక నియమము పెట్టుకొంటిమి. ఏ లెక్కనైనను మొదట చేతితో చేయవలెను. పిదప నోటితో చెప్పవలెను. తుదకు పలకమీద వ్రాయవలెను. 1939లో మన దేశమునకు వచ్చి మద్రాసు అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చిన మరియా మాంటిసోరి విదుషీమణి పూసలతోను కఱ్ఱలతోను గణితము ప్రారంభించుట మన పెద్దలు యెరిగినదే. అయితే ఆటవద్దనే ఆగిపోరాదు. ఆటనుండి అంకెలకు తీసికొనిపోవు చివరి మెట్టును మేమిదివరకు విడిచిపెట్టుచుంటిమి.

మొదట చిల్లర ఆట. 2016 తరువాత దుకాణములయందు ఫోను చూపి సొమ్ము చెల్లించుట అలవాటైనందున, నాణెములు పిల్లల కంటబడుట తగ్గినది. కనుక మేము నూరు రూపాయల నోటొకటి, చిల్లర కొంత ఒక డబ్బాలో ఉంచితిమి. పెద్దవాడు దుకాణదారు, చిన్నది కొనువారు. 63 రూపాయల సరకు కొన్నచో దుకాణదారు తీసివేత చేయడు; ఎక్కించుకొనుచు పోవును. అరువదిమూడుకు ఏడు వేసిన డెబ్బది. డెబ్బదికి ముప్పది వేసిన నూరు. ఏడును ముప్పదియు కలిసి ముప్పదియేడు. ఇట్లు నాణెములు పెట్టిన వెంటనే మేము పలకమీద గీతయొకటి గీచి, ఒక చివర 63, నడుమ 70, మరియొక చివర 100 వేసి, ఏడు, ముప్పది అను దూకుళ్ళు గుర్తించితిమి. దాని ప్రక్కనే బడిపద్ధతిలో తీసివేతయు వ్రాసితిమి. చిన్నది రెంటిని మార్చిమార్చి చూచి, "అమ్మా, ఇది నిన్నటి దుకాణం లెక్కనే!" అన్నది. నాటినుండి తీసివేత చేసినప్పుడెల్ల, మిగిలినది మొదటిదానికంటె ఎక్కువ ఉన్నదేమో యని ఆమెయే సరిచూచుకొనుచున్నది.

బతుకమ్మ పండుగ రానే వచ్చినది. పూలు పేర్చుట మా యింట చిన్నదాని పని కాదు. అయినను ఈసారి లెక్క ఆమె కప్పగించితిమి. అడుగు వరుసకు నలుబది బంతిపూలు, దానిపై ముప్పదియారు, ఆపై ముప్పదిరెండు – ఇట్లు వరుసకు నాలుగు చొప్పున తగ్గించుచు, నాలుగు పూల వరుసవరకు పేర్చవలెననిన ఎన్ని పూలు కావలెను? ఆమె వరుసగా కూడబోయి మూడుమార్లు తప్పినది. అప్పుడు తాతగారు చింతగింజలతో వరుసలు పెట్టి, "అడుగుదాన్ని, కొనదాన్ని జత చెయ్యి బిడ్డా" అన్నారు. నలుబదియు నాలుగును నలుబదినాలుగు. ముప్పదియారును ఎనిమిదియు నలుబదినాలుగు. పది వరుసలకు ఐదు జతలు. ఐదు నలుబదినాలుగులు 220. పూలవానివద్ద నుండి తెచ్చిన పూలు లెక్కించి, కొరత పడిన వరుసలకు గునుగుపూలు ఏరుకొని వచ్చినది. ఆ రాత్రి బతుకమ్మ చుట్టు తిరుగుచు, పాట నడుమ "రెండొందల యిరవై" యని ప్రక్క పిల్లలకు చెప్పుచుండుట మేము విని నవ్వుకొంటిమి.

ముగ్గునందును ఇట్టి లెక్కయే కలదు. ఏడు చుక్కలు పెట్టి, ఇరువైపుల నాలుగువరకు సందుచుక్కలు పెట్టిన ముగ్గునకు చుక్కలెన్ని? నాలుగు, ఐదు, ఆరు కలిసి పదునైదు, అటునిటు కలిసి ముప్పది, నడుమ ఏడు, వెరసి ముప్పదియేడు. "మళ్ళ ముప్పై యేడేనా!" అని ఆమె ఆశ్చర్యపడినది. ముగ్గు వేయని మగబిడ్డలు కూడ ఈ చుక్కలు లెక్కించి, తొమ్మిది చుక్కలకు ఐదువరకు ఎన్నియగునో ముందే చెప్పుటకు పందెము వేసికొనవచ్చును. అవి 61.

ఇక మా పేటకు తగిన ఆట రైలు ఆట. స్లీపరు పెట్టెలో ఎనిమిదేసి బెర్తులు ఒక భాగముగా నుండును. ఒకటి, నాలుగు లోయరు; రెండు, ఐదు మిడిలు; మూడు, ఆరు అప్పరు; ఏడు సైడు లోయరు; ఎనిమిది సైడు అప్పరు. తరువాతి భాగమున మరల తొమ్మిదినుండి అదే వరుస. కావున బెర్తు సంఖ్యను ఎనిమిదితో భాగింపగా మిగిలిన శేషమే అది యెచట నున్నదో చెప్పివేయును. శేషము లేనిచో సైడు అప్పరు. నలుబదిమూడు యెక్కడ? ఎనిమిది ఐదులు నలుబది, శేషము మూడు, అప్పరు. అరువదినాలుగు? ఎనిమిది ఎనిమిదులు, శేషము సున్న, సైడు అప్పరు. మా చిన్నది ఎనిమిదవ ఎక్కమనిన పారిపోవుచుండెడిది. మంచముమీద దిండ్లతో పెట్టె కట్టి, బొమ్మలకు టిక్కెట్లు వ్రాసి, ఒక్కొక్క బొమ్మను తన బెర్తులో పరుండబెట్టు ఆటలో పదునైదు దినములలో ఆ ఎక్కము ఆమె నోటికి వచ్చినది. భాగహారమున శేషమనగా పారవేయవలసిన మిగులు కాదు, అదియు ఒక సమాధానమే యని మేమును అప్పుడే గ్రహించితిమి.

ఎనిమిది మా మామగారి కొలబద్దమీదను కలదు. వడ్రంగులు అంగుళమునకు ఎనిమిది సూతులు లెక్కింతురు. ఆయన చిన్న పీట చేయుచు, "అయిదు సూతులకు ఆరు సూతులు కలిపితే ఎంత?" అని అడిగిరి. ఆమె "పదకొండు" అన్నది. "బద్దమీద చూపించు" మనగా, ఎనిమిదింటికి అంగుళము పూర్తియై, మూడు సూతులు మిగులుట చూచినది. మూడవ తరగతిలో భిన్నములు ఇంకను మొదలు కానేలేదు. అయినను ఒక అంగుళము మూడు సూతులనగా ఒక అంగుళమును, ఎనిమిదింట మూడు భాగములునని తెలియకయే తెలిసికొన్నది. తాతగారు పీట పూర్తిచేసిన పిదప, ఆ కొలతలను ఆమెచేత పీట అడుగున పెన్సిలుతో వ్రాయించిరి. అది నేటికిని చెరగలేదు.

వంటయింటిలో అర, పావు, ముప్పావు అను మాటలు నోటిలో నానుచునే యుండును. పావుకిలో 250 గ్రాములు. నాలుగు పావులొక కిలో. మా అత్తగారి చిన్ననాటి కొలతలలో నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. పాతసామానులో దొరకిన సోలతో నీళ్ళు కొలిచి, మానికకు ఎన్ని గిద్దెలో కనుగొమ్మనగా చిన్నది వసారా అంతయు తడిపి, పదునారని చెప్పినది. వసారా తుడుచుట మా వంతు అయినది. అయినను రెట్టింపు, సగము అను భావములు ఆ తడిలో బాగుగ నాటుకొన్నవి.

సాయంకాలము దీపము పెట్టినపిమ్మట కొంతసేపు ఓమనగుంటలు, కొంతసేపు అష్టాచెమ్మా. గుంటకు ఐదు గింజల చొప్పున పదునాలుగు గుంటలకు డెబ్బది గింజలు. ఆట ముగిసిన తరువాత తనవి లెక్కించుకొని, ఎదుటివారివి లెక్కించకయే చెప్పవలెను. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలును వెలికిల పడిన చెమ్మా నాలుగు, అన్నియు బోర్లపడిన అష్టా ఎనిమిది. కాయను గడిగడికి వేలితో ఎంచక, పోయి నిలుచు గడిని ముందే చూపవలెను. ఇంతకుమించి పాఠమేమియు చెప్పరాదు. ఆట ఆటగానే ఉండవలెను.

ఈ నీతి మాకు సులభముగా అబ్బలేదు. ఒకనాడు చుట్టములు రాగా, మా చిన్నదాని ప్రజ్ఞ చూపవలెనను ఆశతో ఆట నడుమ ఆపి, "ఏడు ఎనిమిదులు ఎంత? త్వరగా చెప్పు" అని అడిగితిమి. ఆమె తడబడినది. పెద్దవాడు ప్రక్కనుండి 56 అని అందించినాడు. ఆమె గవ్వలు నేలమీద విసరి లేచిపోయినది. నాలుగు దినములు ఆట ముట్టలేదు. పదిమందియెదుట పరీక్షించుట, గడియారము చూచుట, అన్నతో పోల్చుట – మూడును మేము ఒక్క నిమిషములో చేసితిమి. పిదప పెద్దవానికి ఒక పని పెట్టితిమి. వాడు జవాబు చెప్పరాదు; చెల్లెలు ఎట్లు చేసినదో విని తన మాటలలో తిరిగి చెప్పవలెను. వానికిని మేలే కలిగినది. ఎదుటివారి త్రోవ వినుట వచ్చినవానికి తన త్రోవలోని తప్పు త్వరగా కనబడును.

బిగ్గరగా పలుకుటలోని బలము చిన్నది కాదు. కడప జిల్లా కల్లూరున 1907లో పుట్టుగ్రుడ్డిగా జన్మించిన లక్కోజు సంజీవరాయశర్మగారు ఇంటిలో అక్క బడిపాఠములు వల్లించుచుండగా విని నేర్చిరట. తరువాత దేశమున అనేకచోట్ల గణితావధానములు చేసి, పెద్దపెద్ద సంఖ్యలను మనస్సులోనే గుణించి చెప్పిరి. ఎవరి కొరకు చదువుచున్నదో ఆ అక్కకే తెలియదు. మన యింట ఎవరు వినుచున్నారో మనకును తెలియదు. కావుననే "నాకు లెక్కలు రావు" అనుమాట బదులు "ఏడువందల యిరవైలో నూటయెనభై పోతే అయిదువందల నలభై" అనుమాట ఇంటిలో వినబడవలెను.

నిద్రవేళ కథ చెప్పునప్పుడు దానిలో ఒక చిన్న లెక్క చేర్చుట మరియొక ఉపాయము. 2015లోనే వెలువడిన మరియొక పరిశోధనలో, నిద్రవేళ కథలలో లెక్కలు చేర్చి చదివిన యిండ్లలో పిల్లలు గణితమున ముందడుగు వేసిరనియు, తలిదండ్రులు గణితమునకు జంకు యిండ్లలో ఆ మేలు మరింత కనబడినదనియు తేలినది. మా కిది గొప్ప ఊరట. జంకు ఉన్నవారికి దారి మూసికొనిపోలేదన్నమాట. బెంగుళూరున సర్కసు కళాకారుని కూతురుగా పుట్టి, చిన్ననాట పేకముక్కలతో లెక్కల గారడీ చేసి, 1980లో లండనున పదుమూడేసి అంకెల రెండు సంఖ్యలను 28 సెకనులలో గుణించిన శకుంతలాదేవి కథ మా చిన్నదానికి మిక్కిలి ఇష్టము. మరియొక రాత్రి పావులూరి మల్లన్న కథ. సుమారు తొమ్మిదివందల యేండ్ల క్రిందట ఆయన మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. ఆ మహావీరుడు హారములవంటి లెక్కలు కూర్చినవాడు. 139ని 109తో గుణించిన 15151 వచ్చును; అటునుండి చదివినను ఇటునుండి చదివినను ఒక్కటే. 12345679ని తొమ్మిదితో గుణించిన తొమ్మిది ఒకట్ల హారము. చిన్నది లేచి దీపము వేసి, పలకమీద గుణించి చూచుకొన్న తరువాతగాని పండుకొనలేదు. గుణకారము తప్పించుకొన జూచిన పిల్ల రాత్రి పదిగంటలకు గుణకారము కొరకు దీపము వేయుట మేమెన్నడును ఊహింపలేదు.

ఇంత చేసినను మా బిడ్డ తరగతిలో మొదటిది కాలేదు. సంక్రాంతి తరువాతి పరీక్షలో 25కు 16 వచ్చినవి. ఆ కాగితమును ఆమె దాచలేదు. ఇంటికి రాగానే బల్లమీద పెట్టి, "తొమ్మిది పోయినయ్, ఎందుకు పోయినయో చూద్దాం రా" అన్నది. మాకు ఆ పదునారుకంటె ఈ మాటయే విలువైనదిగా తోచినది.

ఆ నెలలోనే తిరుపతికి పోవుచు సికింద్రాబాదులో రైలెక్కితిమి. పెట్టెలో ఒక వృద్ధురాలు చీటీ చేత పట్టుకొని ఇరువది తొమ్మిది యెక్కడనని అందరిని అడుగుచుండెను. మా చిన్నది వ్రేళ్ళు ముడువకయే, "ఎనిమిది మూళ్ళు ఇరవై నాలుగు, మిగిలినవి అయిదు. మీది మిడిలు, అవ్వా. నాది ఇరవై అయిదు లోయరు, మీరు దాంట్ల పండుకోండ్రి" అన్నది. ఆమె దీవించి క్రింద పరుండినది. లెక్క వచ్చినందుకు సంతసించితిమో, ఆ లెక్కను పరులకు సుఖము కొరకు వాడినందుకు సంతసించితిమో చెప్పజాలము.

పోయిన నెల పాలలెక్క మేమే వ్రాసికొని, దినమునకు రెండు ప్యాకెట్ల చొప్పున 56 అని వేసితిమి. చిన్నది క్యాలెండరు చూచి, "ముప్పై రోజుల్ల మూడు రోజులు ఊళ్ళె లేము గద. ఇరవై యేడు రెండ్లు యాభై నాలుగే" అన్నది. మా నోట "మాకు లెక్కలు రావు" అనుమాట పెదవులవరకు వచ్చినది. దానిని మ్రింగివేసి, "తప్పు పోయినది, ఎక్కడ పోయినదో చూపుము" అంటిమి. ఆమె మా ప్రక్కన చేరి, పెన్సిలు తీసికొని చూపినది.

సోదరీమణులారా! మన తాతమ్మలు బడికి పోకయే లెక్కలు చేసిరి. మన కుమార్తెలు బడికి పోయియు లెక్కలకు వెరచుచున్నారు. నడుమ నిలిచిన మనము ఆ రెండింటిని కలుపవచ్చును. దానికి సొమ్ము వలదు, వేరు విద్య వలదు. గుప్పెడు చింతగింజలు, నాలుగు గవ్వలు, ఒక పలక ఉన్న చాలును. వానికంటె ముందు, బిడ్డ వినుచుండగా మనలను మనము చిన్నబుచ్చుకొను ఆ యొక్క మాటను మానవలెను. మేము ఆలస్యముగా మానితిమి. మీరు నేడే మానెదరుగాక!